గొడ్డలి పడ్డ నిద్రగన్నేరు

గొడ్డలి పడ్డ చెట్టు నేలకు ఒరిగేదాకా మావాళ్లు ముద్ద ముట్టరు. చెట్లు కొట్టే మా ముఠాకి అది తాతల నాటి కట్టడి. పొద్దున తాగిన టీతోనే పని తెమలాలి. చిన్న చెట్టయితే గంట, పెద్దదయితే మధ్యాహ్నం దాటుతుంది. కడుపులో ఎలకలు పరిగెత్తినా క్యారేజీ మూత తీయరు. ఎందుకని అడిగితే మా యేసుపాదం మావయ్య ఒకటే చెప్పేవాడు.

"కడుపు నిండితే మనిషికి కన్ను మూతపడుద్ది. సగం కోసిన చెట్టుకి పడదు."

ఈ కట్టడి సంగతి టీవీవాళ్లకి మొదటిరోజే చెప్పింది నేను. ఆ ఒక్కరోజుకి దాన్ని తప్పించమని మావయ్యని బతిమాలిందీ నేనే.

వాళ్లు హైదరాబాద్ నుంచి నలుగురు వచ్చారు. చెట్లు కొట్టేవాళ్ల మీద ఆరు భాగాల డాక్యుమెంటరీ తీస్తున్నారు. మూడు వారాలుగా అద్దంకిలో లాడ్జి తీసుకుని, సుబాబుల్ తోటల్లోనూ జామాయిల్ తోటల్లోనూ మా ముఠా వెంట తిరిగారు. డైరెక్టరు శ్రీరమ్యకి ముప్ఫై ఏళ్లుండవు. ఎవరినీ నువ్వు అనేది కాదు. మావాళ్లు నేల మీద కూర్చుంటే తనూ నేల మీదే కూర్చునేది. చెడ్డమనిషి అని ఈరోజుకీ అనలేను. కెమెరా పట్టేది శ్యామ్ సుందర్, మాట తక్కువ మనిషి.

నేను డిగ్రీ చదివి, అటు ఉద్యోగానికీ ఇటు గొడ్డలికీ కాకుండా ఊళ్లో తిరుగుతున్నవాణ్ణి. వాళ్లకి దారులు చూపించడం, మనుషుల్ని మాట్లాడిపెట్టడం, షూటింగప్పుడు ఎర్రజెండా పట్టుకుని రోడ్డు ఆపడం నా పని. రెండో వారంలో శ్రీరమ్య, "తర్వాతి సిరీస్‌కి అసిస్టెంటుగా మాతో వచ్చేయండి కరుణాకర్ గారూ," అంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి నా కాళ్లు నేలకి సరిగ్గా ఆనలేదు.

యేసుపాదం మావయ్య మా అమ్మకి అన్న, మా ముఠాకి మేస్త్రి. ఆయన కూతురు రెబెకా నా భార్య. మిరపకాయ కోతలు నడుస్తున్నాయి కాబట్టి రెబెకా రోజూ పొద్దున్నే హుస్సేన్ సాహెబు ఆటోలో పదముగ్గురు ఆడవాళ్లతో పాటు పైచేలకి పోయి, సాయంత్రం అదే ఆటోలో వచ్చేది. ఆ దారిలోనే ఉంది నిద్రగన్నేరు.

రోడ్డు వెడల్పు చేస్తున్నారు. పక్కనున్న చెట్లన్నిటికీ సున్నంతో నంబర్లు వేశారు. ఈ నిద్రగన్నేరుది నలభై ఒకటి. ముగ్గురు చేతులు కలిపినా మొదలు అందేది కాదు. కొమ్మల్లో ముప్పాతిక రోడ్డు మీదకే వంగి ఉండేవి. రోడ్డుకి తూర్పున, చెట్టు వెనక, పత్తి ఏరడం అయిపోయి కంప మాత్రం మిగిలిన చేను. అది రోడ్డు మీద పడకుండా ఆ చేలో పడాలి. బరువంతా ఒకవైపు, పడాల్సింది ఇంకోవైపు. మావయ్య రెండు రోజులు దాని చుట్టూ తిరిగి, నాలుగు పెద్దకొమ్మలు ముందే కొట్టించి, పైన మోకు కట్టించి, ఆ మోకుని చేలోని పాత తుమ్మమొద్దుకి బిగించాడు. మోకు దగ్గర బుడేని పెట్టాడు. మోకు మీద చెయ్యి వేసి చెట్టు మనసు చెప్పగలిగేవాడు మా ముఠాలో బుడే ఒక్కడే.

ఆఖరి భాగానికి పెద్దచెట్టు కావాలని శ్రీరమ్య మొదట్నుంచీ అడుగుతోంది. దీన్ని చూడగానే ఆవిడ కళ్లు మెరిశాయి.

ఆ రోజు పొద్దున ఏడింటికి మావయ్య చొక్కాకి చిన్న మైకు తగిలించారు. రోజూ తగిలించేదే. మొదట్లో దాన్ని తేలుని చూసినట్టు చూసేవాడు, తర్వాత్తర్వాత అది ఉన్న సంగతే మర్చిపోయేవాడు. మేమందరం మర్చిపోయాం.

మొదలు మీద అరచెయ్యి పెట్టి, తలపాగా తీసి, మావయ్య ప్రార్థన చేశాడు. "ప్రభువా, ఈ పొద్దు మా ఎముకల్లో ఒక్కటి కూడా విరగనీయకు. ఆమెన్." అంతే. ఆయన ప్రార్థన ఎప్పుడూ అంత పొట్టిదే.

"యేసుపాదం గారూ, చెయ్యి మీద నీడ పడిందండి. ఇంకొక్కసారి చేస్తారా?" అంది శ్రీరమ్య.

మావయ్య నా వంక చూశాడు. నేను తల ఊపాను. రెండోసారి చేశాడు.

"మొదటిసారి దేవుడికి వినపడలేదేమోరా," అన్నాడు బుడే మోకు దగ్గర్నుంచి. అందరం నవ్వాం. మావయ్య నవ్వలేదు.

ఆ తర్వాత గొడ్డలి పడింది.

చెట్టు ఎటు పడాలో అటువైపు ముందు నోరు తెరుస్తారు. తర్వాత వెనకనుంచి రంపం మిషనుతో కోస్తారు. మధ్యలో కొంత కర్ర కోయకుండా వదులుతారు. చెట్టు పడేటప్పుడు ఆ కర్రే తలుపుకి బందులా పట్టుకుని చెప్పిన వైపు తిప్పుతుంది. ఇంత మొదలుకి జానెడు మందం వదలాలి. అది తగ్గితే చెట్టు మేస్త్రి మాట వినదు, గాలి మాట వింటుంది.

టీవీవాళ్ల పనిలో ఒకసారి సరిగ్గా రాకపోతే మళ్లీ చేయొచ్చు. గొడ్డలి పనిలో మళ్లీ అనేది లేదు. మళ్లీ అంటే ఇంకో వేటు, వేటంటే ఇంకొంచెం కర్ర. ఆ మాట ఆవిడకి తట్టలేదు. నాకు తట్టింది.

"చెక్కలు ఎగిరేది దగ్గర్నుంచి ఇంకొక్కటి."

"ఇప్పుడు కింద నుంచి."

"మిషను పట్టుకున్నప్పుడు మొహం కనపడాలండి, అటు తిరిగి ఇంకొక్కసారి."

అలా నోటి దగ్గర నాలుగుసార్లు, వెనక కోత దగ్గర మూడుసార్లు. ప్రతిసారీ మావయ్య నా వంక చూడటం, నేను "ఇంకొక్కటే మావయ్యా" అనడం. మూడోసారికి ఆయన చూడటం మానేశాడు. ఉత్తినే వేటు వేసినట్టు చేద్దామనుకున్నాడు గానీ గొడ్డలికి నటించడం రాదు. ముప్ఫై ఎనిమిదేళ్ల అలవాటు చేతిలో ఉంది. పైకెత్తాక అది దిగేదాకా దిగుతుంది.

పన్నెండు దాటింది. మావయ్య మిషను ఆపి, ఒక పత్తిపుల్ల విరిచి వెనక కోతలోకి దూర్చాడు. ఎంత లోపలికి పోయిందో గోటితో గుర్తుపెట్టి బయటికి తీసి, నోటివైపు నుంచి ఇంకో పుల్లతో కొలిచాడు. రెండూ మొదలుకి ఆనించి చూసుకున్నాడు. మిగతావాళ్లు దూరంగా ఉన్నారు. నన్ను పిలిచాడు.

"చూడరా అల్లుడూ. జానెడుండాల్సింది. నాలుగు వేళ్లుంది."

నేనూ పుల్లల పక్కన వేళ్లు పెట్టి చూశాను.

"ఇప్పుడే పడేస్తా. గాలి లేదు, మోకు బిగువుంది. వెళ్లి ఆ అమ్మాయికి చెప్పు."

వెళ్లి చెప్పాను. శ్రీరమ్య ఆకాశం వంక చూసి, "ఈ ఎండలో పడితే బొమ్మ చచ్చిపోతుంది కరుణాకర్ గారూ. సాయంత్రం ఐదింటికి, కొమ్మల్లోంచి ఎండ పడుతుండగా ఒరగాలి. ఆరు భాగాలూ ఈ ఒక్క షాట్ కోసమే," అంది. ఆగి, "మీరు చెబితే వింటారాయన," అంది.

నాలుగు వేళ్ల సంగతి ఆవిడకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెబితే షాట్ ఉండదు, షాట్ లేకపోతే ఆవిడ నన్ను తీసుకెళ్లదు అనుకున్నాను. ఇంత సిగ్గులేని సంగతి ఇంతకన్నా మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

మావయ్య దగ్గరికి తిరిగొచ్చి, "ఐదింటిదాకా ఆగమంటున్నారు మావయ్యా. ఈ పొద్దుకి మనోళ్లని ముద్ద తిననియ్యి. నా కోసం. ఒక్క పూట," అన్నాను.

మావయ్య పుల్లలు రెండూ పారేశాడు. "నీ కోసమా," అన్నాడు, ప్రశ్న కాదు. "సరే. నేనిక్కణ్ణుంచి కదల్ను. నువ్వు పోయి మలుపు దగ్గర నిలబడు. బండ్లన్నీ కాలవకట్ట మీంచి తిప్పు. దీని కింద కుక్కని కూడా పోనివ్వమాక."

"అట్టాగే మావయ్యా."

టీవీవాళ్లు అద్దంకి నుంచి బిర్యానీ తెప్పించారు. ముఠా వాళ్లు ముందు మొహాలు చూసుకున్నారు. తర్వాత ఒకడు పొట్లం విప్పాడు. తర్వాత అందరూ విప్పారు. బుడే కూడా ఎడంచెయ్యి మోకు మీద ఉంచి కుడిచేత్తో తిన్నాడు. మావయ్య మాత్రం చెట్టు మొదట్లో, తువ్వాలు పరుచుకుని, వీపు చెట్టుకి ఆనించకుండా కూర్చున్నాడు. ఆయన క్యారేజీ పక్కనే ఉంది. మూత తీయలేదు.

తిన్నవాళ్లు పత్తికంప నీడలో కునుకు తీశారు. పైచేల కల్లాల్లోంచి మిరపకాయల ఘాటు వస్తోంది. మూడింటిదాకా ఆకు కదల్లేదు. అప్పుడప్పుడూ చెట్టు లోపల ఎక్కడో, ముసలాడు పక్క మీద ఒత్తిగిలినట్టు చిన్న చప్పుడయ్యేది. చప్పుడైనప్పుడల్లా మావయ్య తలెత్తేవాడు.

నాలుగున్నరకి తూర్పు నుంచి పైరగాలి మొదలైంది. రోజూ వచ్చేదే. సముద్రం మీంచి చల్లగా వచ్చే ఆ గాలి కోసం ఎండాకాలం జనం అరుగుల మీద కూర్చుని ఎదురు చూస్తారు. ఆ రోజు అది చేలోంచి రోడ్డు వైపుకి, చెట్టు వీపు మీద చెయ్యి వేసి నెట్టినట్టు వీచింది.

నేను మలుపు దగ్గర ఎర్రజెండాతో ఉన్నాను. నాకూ చెట్టుకీ నూట యాభై గజాలు. ఐదింటికి పైచేల వైపు నుంచి హుస్సేన్ సాహెబు ఆటో వచ్చింది. ఆడవాళ్లందరూ మొహాలకి తువ్వాళ్లు చుట్టుకుని, చేతులు మిరపకారంతో మండుతుంటే గాలికి చాచి కూర్చున్నారు. డ్రైవరు పక్కసీట్లో రెబెకా.

"ఏంది బావా, జెండా పట్టుకున్నావు, రైలాపుతున్నావా?" అంది.

ఆటోలో ఆడవాళ్లు పకపకా నవ్వారు. కాలవకట్ట వైపు చెయ్యి చూపించబోతుంటే నా నడుముకున్న వాకీటాకీ గరగరలాడింది. శ్రీరమ్య గొంతు.

"కరుణాకర్ గారూ, అది కూలీల ఆటోయేనా? పంపించండి దాన్ని. ప్లీజ్. చెట్టు పడే ముందు దాని కింద నుంచి పోయే ఆఖరి బండి. ఎంత బాగుంటుందో మీకు తెలీదు. ఒక్క నిమిషం పని."

వాకీటాకీ బటను మీద వేలు పెట్టాను. నాలుగు వేళ్లు అనాలి. నోట్లోకి వచ్చింది కూడా.

"ఏంటంట?" అన్నాడు హుస్సేన్ సాహెబు.

"మమ్మల్ని టీవీలో తీస్తారంటనా?" అంది వెనక నుంచి ఎవరో. "మొహాన తువ్వాలు తీయండే."

పొద్దుట్నుంచి నిలబడింది ఒక్క నిమిషం నిలబడదా అనుకున్నాను. జెండా దించాను.

ఆటో పోయింది. వెనక్కి తిరిగి చూశాను. కొమ్మల నీడలోకి దూరింది, నీడలో నడిచింది, నీడలోంచి బయటపడింది. చెట్టు మొదట్లో మావయ్య లేచి నిలబడి ఉన్నాడు. ఆటో వైపు చూసి, తర్వాత మలుపు వైపు, నా వైపు చూశాడు. ఆ దూరం నుంచి మొహం కనపడదు. కనపడకపోవడమే మంచిదైంది.

వాకీటాకీ మళ్లీ పలికింది. "అద్భుతంగా ఉంది. కానీ ఫోకస్ కొంచెం జారింది. ఆటోని కట్ట మీంచి తిప్పి మళ్లీ తీసుకురమ్మంటున్నాను. ఇంకొక్కసారి. ఆ వెంటనే పడేద్దాం."

కాలవకట్ట చుట్టి రావడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటలో పొద్దు వాలింది. పొద్దు వాలితే నిద్రగన్నేరు ఆకులు రెండేసి రెండేసి చేతులు జోడించినట్టు ముడుచుకుంటాయి. నేను చూస్తుండగానే చెట్టు పలచబడింది. ఆకుల మధ్య ఆకాశం కనపడసాగింది. గాలి పెరిగింది.

అప్పుడు మావయ్య బుడే దగ్గరికి నడిచాడు. ఏదో అన్నాడు. బుడే మోకు మీంచి చెయ్యి తీసి, ఉత్తరం వైపు చేలో పడి నడిచిపోయాడు. ముఠా వాళ్లూ లేచి అతని వెనక పోయారు. మావయ్య శ్రీరమ్య దగ్గరికి వెళ్లి ఒక మాట చెప్పాడు. ఆవిడ ఏదో అడగబోయి ఆగిపోయి, శ్యామ్ సుందర్‌ని భుజం పట్టుకుని కెమెరాతో సహా దూరంగా లాక్కుపోయింది. తర్వాత ఆయన గొడ్డలి భుజాన వేసుకుని, క్యారేజీ చేతపట్టుకుని, రోడ్డెక్కి, నా వైపు నడిచి రాసాగాడు.

మేస్త్రి కోసిన చెట్టుని వదిలి రాడు. అది పడేదాకా దాని పక్కనే ఉంటాడు. నేను పుట్టిన దగ్గర్నుంచీ మావయ్య కోసిన చెట్టుకి వీపు చూపించడం ఎరగను. ఆయన పరిగెత్తడం లేదు. మామూలుగా, చర్చి నుంచి ఇంటికి వచ్చేవాడిలా వస్తున్నాడు.

వెనక ఆటో హారన్ కొట్టింది. కట్ట చుట్టి వచ్చేశారు.

"ఇంకోసారంట బావా. మా అందం టీవీకి ఒక్కసారికి సరిపోలేదంట," అంది రెబెకా.

మావయ్య నా దగ్గరికి వచ్చి ఎర్రజెండా నా చేతిలోంచి తీసుకున్నాడు. ఆటో ముందుకెళ్లి రోడ్డు మధ్యలో నిలబడ్డాడు.

"ఇంజను ఆపు సాహెబూ."

"ఏంది నాన్నా? ఏమైంది?"

"ఏం కాలేదమ్మా. కూర్చో."

ఇంజను ఆగింది. గాలి వినపడుతోంది. ముందు మోకు తెగిన చప్పుడు, కొరడాతో ఆకాశాన్ని కొట్టినట్టు. ఆ తర్వాత పెళపెళమని పెద్దగా, ఆపకుండా, కర్ర చీలిన చప్పుడు. నిద్రగన్నేరు నిలబడ్డచోటే అర చుట్టు తిరిగి, చేలోకి కాకుండా రోడ్డు మీదకి వచ్చింది. కాళ్ల కింద నేల అదిరింది. దుమ్ము మలుపు దాకా వచ్చి మా మొహాల మీద పడింది.

మావయ్య వెనక్కి తిరిగి చూడలేదు.

దుమ్ము తగ్గాక ఆడవాళ్లు ఒక్కొక్కరే దిగారు. రోడ్డు లేదు. ఎక్కడ ఆటో నీడలోకి దూరిందో అక్కడ మొదలుకుని, ఎక్కడ బయటపడిందో అక్కడిదాకా చెట్టే. ఒకామె కూలబడి, "తండ్రీ, తండ్రీ" అని మాత్రం అంటోంది. రెబెకా నిలబడే ఉంది. చెట్టుని ఈ చివర నుంచి ఆ చివరకి చూపుతో కొలుస్తోంది.

మావయ్య పక్కనున్న తూముగోడ మీద కూర్చుని క్యారేజీ మూత తీశాడు. పొద్దున వండిన అన్నం, గోంగూర. పులిసిన వాసన వచ్చింది. ముద్ద కలిపాడు. మెతుకులు పంచె మీద పడ్డాయి. నేను దగ్గరికి వెళ్లాను.

"నాలుగు వేళ్లని చెప్పాగా," అన్నాడు, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా.

"మావయ్యా..."

"బిడ్డకి తెలీదు. నేను చెప్పను. పో, వాళ్లకి మంచినీళ్లు చూడు."

ఆయన చెప్పలేదు. మాట తప్పే మనిషి కాదు. కానీ మళ్లీ గొడ్డలి పట్టలేదు. దాన్ని బుడేకి ఇచ్చేశాడు.

శ్రీరమ్య ఆ సాయంత్రం ఆడవాళ్లందరి దగ్గరికీ వెళ్లి చేతులు పట్టుకుని క్షమించమని అడిగింది. తనకి తెలియదని అంది. అది నిజమే. ఆవిడకి తెలియదని నాకు తెలుసు.

వేసవి చివర్లో ఆఖరి భాగం వచ్చింది. ముందురోజు శ్రీరమ్య ఫోన్ చేసి, "ఎడిటింగ్‌లో ఒకటి విన్నాను కరుణాకర్ గారూ. మీరు చూసే ముందు మాట్లాడాలి," అంది. అసిస్టెంటు పని సంగతేమోనని, నేను రానని చెప్పడానికి మొహం చెల్లక, "చూశాక మాట్లాడుకుందామండి," అని పెట్టేశాను.

రాత్రి భోజనాలకి ముందు నేనూ రెబెకా మంచం మీద కూర్చుని ఫోన్లో చూశాం. ప్రార్థన వచ్చింది. చెక్కలు ఎగిరాయి. మధ్యాహ్నం వచ్చింది. దూరం నుంచి తీసిన బొమ్మ. చెట్టు మొదట్లో ఇద్దరు మనుషులు, చేతిలో పత్తిపుల్లలు. మొహాలు తెలియడం లేదు. గొంతులు మాత్రం చెవి పక్కన మాట్లాడినట్టు ఉన్నాయి. మావయ్య చొక్కా మీది మైకు, ఆ రోజు ఎవరూ వినకపోయినా అన్నీ పట్టుకుంది.

"జానెడుండాల్సింది. నాలుగు వేళ్లుంది."

"దీని కింద కుక్కని కూడా పోనివ్వమాక."

"అట్టాగే మావయ్యా."

ఆ వెంటనే మలుపు. ఎర్రజెండా దిగింది. ఆటో కదిలింది. ముందుసీట్లో రెబెకా మొహం మీది తువ్వాలు తీసి నవ్వుతోంది.

రెబెకా వేలితో వెనక్కి జరిపింది. మళ్లీ చూసింది. మళ్లీ వెనక్కి జరిపింది. నాలుగుసార్లు. నాలుగోసారి అయ్యాక ఫోన్ బోర్లా పెట్టి, నా వైపు చూడకుండా లేచింది. వంటింటి గడప దగ్గర ఆగింది.

"అన్నం పెట్టనా బావా?"

"ఇప్పుడొద్దు," అన్నాను.

ఆమె కూడా తినలేదు. గిన్నెల మీద మూతలు అలాగే ఉన్నాయి. ఆ పూటా, ఆ తర్వాతా ఆమె ఏమీ అడగలేదు. నేను ఎదురుచూస్తున్నాను.